సమాధానం: 1946లో గెలిచిన టాల్మడ్జ్ పేరు గవర్నర్ల పట్టికలో ఎందుకు లేదు?

మీ పట్టిక తప్పు కాదండీ. 1946 నవంబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరుగా గెలిచింది యూజీన్ టాల్మడ్జే. కానీ ప్రమాణస్వీకారానికి ముందే, డిసెంబరు 21న కన్నుమూశారు. అక్కడ గవర్నర్ని మన దగ్గరలా రాష్ట్రపతి నియమించరు, జనమే ఎన్నుకుంటారు. అందుకే ఇంత చిక్కు.

ఆయన ఆరోగ్యం బాగాలేదని తెలిసిన అనుచరులు కొందరు బ్యాలెట్‌ మీద కొడుకు హెర్మన్ పేరు చేత్తో రాసి ఓటేశారు. గెలిచినవాడు చనిపోతే, ఆయన తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లలోంచి శాసనసభ గవర్నర్ని ఎన్నుకోవచ్చన్నది వాళ్ల లెక్క. అలాంటి ఓట్లు హెర్మన్‌కు 675, యూజీన్ ప్రత్యర్థి కార్మైకేల్‌కు 669. టాల్మడ్జ్‌ల సొంత కౌంటీ (మన జిల్లా లాంటిది) టెల్ఫెయిర్‌లో ఆఖరి నిమిషంలో కొన్ని ఓట్లు ‘దొరక్కపోతే’ హెర్మన్ వెనకబడేవాడే. వాటిలో చనిపోయినవాళ్ల పేర్లూ ఉన్నాయని తర్వాత ఒక పత్రిక బయటపెట్టింది. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

1947 జనవరిలో శాసనసభ హెర్మన్‌ని ఎన్నుకుంది. పాత గవర్నరు ఆర్నాల్ కుర్చీ దిగనన్నారు. కొత్తగా ఏర్పడిన లెఫ్టినెంట్ గవర్నరు (ఉప గవర్నరు) పదవికి ఎన్నికైన థాంప్సన్ గవర్నరు కుర్చీ తన హక్కన్నారు. రాష్ట్ర కార్యదర్శి బెన్ ఫోర్ట్‌సన్ అయితే అధికార ముద్ర ఎవరికీ దక్కకుండా తన చక్రాల కుర్చీ మెత్త కింద దాచేశారు!

మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు థాంప్సన్ పక్షాన తీర్పిచ్చింది. అందుకని 1946 గడిలో ‘విజేత: యూజీన్ టాల్మడ్జ్’ అని, 1947 గడిలో థాంప్సన్ అని రాయండి. 1948 ప్రత్యేక ఎన్నికలో గెలిచిన హెర్మన్‌కు వేరే వరుస పెట్టండి.