పేరు మారేదాకా బండి మీదే

ప్రశ్న: నా వయసు 56 సంవత్సరాలు, ఎత్తు అయిదు అడుగుల అయిదు అంగుళాలు. 2020లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ మీద ఇప్పటికి 47 వేల కిలోమీటర్లు తిరిగాను; 2022లో లద్దాఖ్ వెళ్లి వచ్చింది కూడా దానిమీదే. రెండేళ్లుగా కుడి మోకాలు సహకరించడం లేదు. వెనుక ఉన్న సామాను పెట్టె మీదుగా కాలు తిప్పి ఎక్కడం, వాలుగా ఉన్నచోట బండిని వెనక్కి నెట్టడం కష్టమవుతున్నాయి. ఇప్పుడు మా శ్రీమతితో కలిసి మారేడుమిల్లి, లంబసింగి, అరకు వంటి చోట్లకే ఎక్కువగా వెళ్తున్నాను. షోరూమ్ వారు ఎక్స్ఛేంజ్ కింద ఇస్తామన్న ధర చాలా తక్కువ. హైదరాబాద్‌లో ఉండే మా సహోద్యోగి బంధువు ఒకరు ఇంకా ఎక్కువ ఇస్తామంటున్నారు గానీ, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే పేరు మార్పిడి తీరికగా చేయించుకుంటామని అంటున్నారు. అప్పు 2023లోనే తీరిపోయింది. కొత్త బండి విషయంలో హిమాలయన్ 450, సూపర్ మీటియోర్ 650, మీటియోర్ 350, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ మధ్య తేల్చుకోలేకపోతున్నాను. సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ధర కాదు, మోకాలూ కాదు, సంతకాలు పెట్టి ఇచ్చేయమన్న ఆ ఒక్క మాట. దయచేసి ఆ పని చేయకండి. కొనేవారు ఎంత మంచివారైనా, మధ్యలో మీ సహోద్యోగి ఉన్నా సరే, ఆర్సీలో మీ పేరు ఉన్నంతకాలం చట్టం దృష్టిలో బండి యజమాని మీరే. అమ్మిన బండి రెండు మూడు చేతులు మారాక ప్రమాదం జరిగిన ఒక కేసులో, రికార్డులో పేరున్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా తీర్పు చెప్పింది. ఇరవై ఏళ్ల కిందట నేను కూడా నమ్మకం మీద ఖాళీ ఫారాలపై సంతకం చేసి ఒక బండిని ఇచ్చాను. మూడేళ్ల తరువాత మరో జిల్లా పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ బండి ఒక పాదచారిని గుద్దిందనీ, నడిపిన వ్యక్తి ఎవరో నేను చెప్పాలనీ అడిగారు. నేను అమ్మినవారు దానిని అప్పటికే వేరొకరికి అమ్మేశారు. ఆ వ్యవహారం నుంచి బయటపడటానికి పట్టిన నెలల కన్నా, గాయపడిన మనిషికి పరిహారం ఎవరు ఇవ్వాలో తేలక ఆ కుటుంబం తిరిగిన తిరుగుడే నాకు ఎక్కువ గుర్తుంది.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లోగా ఫారం 29 ద్వారా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా ఫారం 30తో పేరు మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. కొనేవారు తెలంగాణవాసి కాబట్టి మీ విషయంలో పని ఇంకొంచెం ఎక్కువ. ముందుగా మీ ఆర్టీఏ కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి, దానిమీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర (బండి చట్రం మీది నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసేది) ఉండాలి, బండి మీద చలానాలేవీ బకాయి ఉండకూడదు. బండి శాశ్వతంగా అక్కడే తిరిగేటట్లయితే 12 నెలల్లోగా తెలంగాణ నంబరు తీసుకోవాలి, అక్కడి జీవితకాల పన్నూ కట్టాలి. ఈ ఖర్చు ఆయనకు ఇప్పుడు తెలియకపోవచ్చు. తెలిసిన రోజున మీకు చెప్పిన ఎక్కువ ధర తగ్గుతుంది, లేదా పేరు మార్పిడి వాయిదా పడుతుంది. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. అందువల్ల గోదావరి జిల్లాల్లోనే కొనేవారు దొరికితే, అయిదారు వేలు తక్కువైనా వారికి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

వీటన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. అప్పు తీరిందన్నారు గానీ, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించారా లేదా అన్నది రాయలేదు. చివరి వాయిదా కట్టినంత మాత్రాన హైపోథెకేషన్ (బండి బ్యాంకుకు తాకట్టులో ఉందన్న నమోదు) దానంతటదే తొలగిపోదు. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో ఆ నమోదు రద్దు చేయించాలి. అది పూర్తి కాకుండా అమ్మకం ప్రకటన ఇస్తే, మంచి ధర ఇచ్చేవారు ఆ కాగితం కోసం వేచి చూడలేక వెళ్లిపోతారు.

షోరూమ్ వారి ధర తక్కువే అయినా ఒక మాట చెప్పాలి. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, రవాణా శాఖ నుంచి ఫారం 29బీ అధికార పత్రం పొందిన పాత వాహనాల డీలరుకు బండి అప్పగించి, ఫారం 29సీ ద్వారా ఆ సంగతి నమోదు చేయిస్తే, ఆనాటి నుంచి ఆ డీలరునే యజమానిగా పరిగణిస్తారు. మీ షోరూమ్ వారికి ఆ అధికార పత్రం ఉందో లేదో అడగండి. ఉంటే, ధరలో తేడా కొంతవరకు ఆ నిశ్చింతకు ఇచ్చిన మూల్యం అనుకోవచ్చు. లేకపోతే, తక్కువ ధరకు ఇచ్చి బాధ్యత కూడా మీరే మోయవలసి వస్తుంది.

నేరుగా అమ్మేటప్పుడు బండి గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. లద్దాఖ్ వెళ్లొచ్చిన సంగతి దాచవద్దు. 47 వేల కిలోమీటర్లకూ సర్వీస్ బిల్లులు వరుసగా ఉంటే, ఎక్కడా వెళ్లకుండా మూలన పడి ఉన్న బండి కన్నా అదే మంచిదని తెలిసినవారు గుర్తిస్తారు. చైన్, స్ప్రాకెట్లు అరిగి ఉంటే కొత్తవి వేయించడం లాభమే, ఎందుకంటే చూడటానికి వచ్చినవారు ముందుగా చూసేది వాటినే. టైర్ల పక్కన ముద్రించిన నాలుగంకెల్లో తొలి రెండూ తయారైన వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. అవి మీరే చూపించండి. కొనేవారు వచ్చేసరికి ఇంజిన్ చల్లగా ఉండేలా చూడండి, చల్లటి ఇంజిన్ ఎలా మొదలవుతుందో చూడాలనుకోవడం వారి హక్కు. సామాను పెట్టెలు విడిగా అమ్మితేనే వాటికి తగిన ధర వస్తుంది. ఇక డబ్బు విషయంలో, మీ ఖాతాలో జమ అయినట్టు మీ బ్యాంకు యాప్‌లో మీరే చూసుకున్నాకే తాళం ఇవ్వాలి, ఎదుటివారి ఫోన్‌లోని స్క్రీన్‌షాట్ చూసి కాదు.

ఇప్పుడు కొత్త బండి సంగతి. మీరు చెప్పిన నాలుగింటిలో ఏది గొప్పదన్న ప్రశ్నను పక్కన పెట్టి, మీ మోకాలికీ, మీ వెనుక కూర్చునే మీ శ్రీమతికీ ఏది నప్పుతుందన్న వైపు నుంచి ఆలోచిద్దాం.

మీ పాత హిమాలయన్ బరువు 199 కిలోలు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. హిమాలయన్ 450 బరువు 196 కిలోలే గానీ, సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంజిన్ శక్తి పాతదాని 24 హార్స్‌పవర్ నుంచి దాదాపు 40కి పెరిగింది. అది నిజంగా మంచి యంత్రం. కానీ మీ కష్టం శక్తి చాలకపోవడం కాదు, ఎక్కడం దిగడం; ఆ కష్టం దానిమీద పెరుగుతుందే గానీ తగ్గదు. పైగా, నాలుగు వరుసల జాతీయ రహదారిపై ద్విచక్ర వాహనాలకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ వేగంలో ఇద్దరిని మోయడానికి 40 హార్స్‌పవర్ అవసరం లేదు. వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 167 కిలోలే కాబట్టి వాలులో నెట్టడం సులువు, అయితే సీటు 835 మిల్లీమీటర్లు. మీ ఎత్తుకు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనవు. సూపర్ మీటియోర్ 650కి సీటు 740 మిల్లీమీటర్లే, కూర్చోగానే హాయిగా ఉంటుంది, కానీ బరువు 241 కిలోలు. అరకులో ఏదో ఒక లాడ్జి ముందు కంకర మీద దానిని వెనక్కి తిప్పవలసి వచ్చిన సాయంత్రం ఆ హాయి నిలవదు.

మిగిలింది మీటియోర్ 350: సీటు 765 మిల్లీమీటర్లు, బరువు 191 కిలోలు, శక్తి 20 హార్స్‌పవర్. నా మొగ్గు దీనివైపే, అయితే ఒక హెచ్చరికతో. సాధారణంగా సీటు ఇంత కిందికి దించాలంటే సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడే దూరం తగ్గించక తప్పదు. మీ హిమాలయన్ ముందు ఫోర్కు 200 మిల్లీమీటర్లు ఆడుతుంది, మీటియోర్‌ది 130 మాత్రమే. దానికితోడు కాళ్లు ముందుకు చాపి కూర్చుంటారు కాబట్టి, గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద సులువుగా లేచి నిలబడలేరు. ఆ దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. తారు రోడ్డు మీద మోకాలికి సుఖమైన బండి, చెడిపోయిన రోడ్డు మీద నడుముకు కష్టమవుతుంది. మీకు నడుము నొప్పి కూడా ఉంటే నా సలహా మారుతుంది.

అందుకే కొనేముందు అద్దెకు తీసుకుని చూడండి. షోరూమ్ ముందు పది నిమిషాలు నడిపితే ఏదీ తెలియదు. విశాఖపట్నంలో గానీ హైదరాబాద్‌లో గానీ రోజువారీ అద్దెకు ఇచ్చే సంస్థ నుంచి మీటియోర్ తీసుకుని, మీ శ్రీమతిని ఎక్కించుకుని, సామానుతో సహా ఒక పగలంతా ఘాట్ రోడ్డులో తిరగండి. మరునాడు ఉదయం మోకాలు, నడుము ఎలా ఉన్నాయో ఇద్దరూ చెప్పుకోండి. వెనుక కూర్చునేవారి మాటకు కనీసం సగం విలువ ఇవ్వాలి. ఆ పని చేసేలోపు ఒక వారం పాటు మీ హిమాలయన్ వెనుక పెట్టె తీసేసి, సామాను పక్క సంచుల్లో పెట్టి నడిపి చూడండి. కాలు తిప్పడంలో ఇబ్బంది చాలావరకు ఆ పెట్టె వల్లనే అయితే, తేలికైన బండి కోసం నెమ్మదిగా వెతకడానికి మీకు సమయం దొరుకుతుంది.

పన్ను సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది; అంతకు మించిన వాటి మీద సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40 శాతం అయింది. మీటియోర్ 350, వీ-స్ట్రామ్ మొదటి వర్గంలో, మిగతా రెండూ రెండో వర్గంలో పడతాయి. మీ పాత 411 సీసీ బండికి ఇది కొంత అనుకూలమే, ఎందుకంటే ఆ తరగతిలో కొత్తది కొనలేనివారు పాతదానివైపు చూస్తారు. బేరం మొదలుపెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: అయిదేళ్లుగా నా టూరింగ్ బైకుకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. కొనేవారు నా పాలసీ, అందులోని తగ్గింపు కూడా తమకే ఇవ్వమంటున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: పాలసీ బదిలీ అవుతుంది గానీ, తగ్గింపు కాదు. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. అయిదేళ్లకు అది 50 శాతానికి చేరి ఉంటుంది. సొంత నష్టం భాగం (మీ బండికే జరిగే నష్టానికి ఇచ్చే బీమా) ప్రీమియం మీద మాత్రమే వర్తించినా, కొత్త బండికి అది తక్కువ మొత్తమేమీ కాదు. అమ్మకం పత్రాల నకళ్లతో బీమా సంస్థకు దరఖాస్తు చేసి బోనస్ నిలుపుదల పత్రం తీసుకోండి. మూడేళ్లలోపు మీరు కొనే బండికి దానిని వాడుకోవచ్చు. కొన్నవారు 14 రోజుల్లోగా పాలసీని తమ పేరుకు మార్చమని బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి, బోనస్ తేడాను వారే కట్టుకోవాలి. అమ్మకం ఆలస్యమయ్యేలా ఉంటే పాలసీ గడువు దాటనివ్వకండి. గడువు ముగిసిన 90 రోజుల్లోగా కొనసాగించకపోతే అయిదేళ్ల బోనస్ మొత్తం పోతుంది.