ఎల్‌శాట్ కోర్సుకి 1,500 డాలర్లు కట్టేముందు

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి డిగ్రీ మూడో ఏడాది, లా స్కూల్‌కి వెళ్తానంటోంది. దాని ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ కోచింగ్‌కి 1,500 డాలర్లు అడుగుతున్నారు, క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కట్టొచ్చట. తనేమో ప్రాక్టీస్ పేపర్లు దొరికితే చాలు, సొంతంగా చదువుకుంటానంటోంది. అవి ఎక్కడ దొరుకుతాయి? కోర్సు కొనకపోతే వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ అమ్మాయి మాట వినండి. ఈ పరీక్షకి అసలు సరుకు పాత ప్రశ్నపత్రాలే. వాటిని పరీక్ష పెట్టే ఎల్‌శాక్ సంస్థే తన లాహబ్ సైట్‌లో ఉంచింది. ఉచిత ఖాతా తెరిస్తే కొన్ని పూర్తి పేపర్లు పైసా ఖర్చు లేకుండా రాసుకోవచ్చు. ఏడాదికి 120 డాలర్లు కడితే యాభైకి పైగా పేపర్లు వస్తాయి. పెద్ద కోర్సుల్లో చేయించేదీ ఎక్కువగా ఈ ప్రశ్నలనే. మీరు డబ్బు పోసేది వాటి వివరణకి. పైగా చాలా కోర్సులు ఈ 120 డాలర్ల చందాని విడిగా కట్టమంటాయి. మీకు చెప్పిన 1,500లో అది కలిసి ఉందో లేదో అడగండి.

చందా కట్టేముందు ఫీజు మినహాయింపు వస్తుందేమో కూడా చూడండి. అది ఆదాయాన్ని బట్టి ఇస్తారు. మంజూరైతే పరీక్ష ఫీజుతో పాటు లాహబ్ చందా కూడా అందులోనే వస్తుంది. ముందే కట్టేసిన డబ్బు మాత్రం వెనక్కి రాదు, అందుకే దరఖాస్తు మొదట పెట్టాలి.

పాత పేపర్లున్న సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు చవగ్గా వస్తాయి, చందా వద్దనుకుంటే అవి కొనండి. కానీ ఒక్క జాగ్రత్త: 2024 ఆగస్టు నుంచి పరీక్షలో లాజిక్ గేమ్స్ అనే పజిల్స్ సెక్షన్ లేదు. పాత పేపర్లో ఆ సెక్షన్ వదిలేసి మిగతావి చేస్తే సరిపోతుంది. ఆ గేమ్స్ నేర్పే పుస్తకాలకి మాత్రం ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు. ఇంకో సంగతి, లాహబ్‌లో ఉన్నవి కూడా పాత ప్రశ్నలే, పేపర్లుగా మళ్లీ పేర్చారంతే. ఆ పుస్తకాలూ, లాహబ్ చందా రెండూ కొంటే ఒకే ప్రశ్నకి రెండుసార్లు డబ్బు కట్టినట్టు.

పేపర్లు ఎన్ని ఉన్నా అవి అయిపోయేవే. రోజుకొకటి రాసేసి స్కోరు చూసుకుని పక్కన పడేస్తే అవి వృథా. ఒక పేపర్ రాశాక రెండు మూడు రోజులు దాని మీదే కూర్చోవాలి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, తప్పయిన ప్రతి ప్రశ్నకీ తను ఎంచుకున్న జవాబు ఎందుకు నచ్చింది, అసలు జవాబు ఎందుకు నచ్చలేదు అని రెండు వాక్యాలు సొంత మాటల్లో రాయమనండి. స్కోరు పెరిగేది అక్కడే.

'మా కోర్సు తీసుకున్నవాళ్ల స్కోర్లు పెరిగాయి, కాబట్టి మా కోర్సు పనిచేస్తుంది' అనే ప్రకటనలు చూస్తూనే ఉంటాం. కోర్సు తీసుకోకుండా అన్నే నెలలు చదివినవాళ్లకి ఎంత పెరిగిందో అందులో ఉండదు. లాజికల్ రీజనింగ్ సెక్షన్‌లో పట్టుకోమనేది సరిగ్గా ఇలాంటి లోపాన్నే. మీ అమ్మాయికి చూపించండి, చటుక్కున చెప్పేస్తుంది.

అలాగని ఈ పరీక్షని తేలిగ్గా తీసుకోమనడం లేదు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ విద్యా రుణాలు లేవు. లా చదువుకి ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2 లక్షలు దాటదు. మిగతాది మీ జేబులోంచో, ప్రైవేటు రుణంగానో, స్కాలర్‌షిప్‌గానో రావాలి. స్కాలర్‌షిప్‌లో ఎల్‌శాట్ స్కోరుది పెద్ద పాత్ర. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూలూ 509 రిపోర్టు బయటపెట్టాలి. చేరినవాళ్ల స్కోర్లు ఎలా ఉన్నాయి, ఎంతమందికి ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చారు అన్నవి అందులో ఉంటాయి. తనకి నచ్చిన స్కూళ్లవి ఇద్దరూ కూర్చుని చదవండి.

కాబట్టి ఆ 1,500ని కార్డు మీద అప్పుగా మార్చకండి. సేవింగ్స్‌లో విడిగా పెట్టండి. రెండోసారి రాయాల్సి వస్తే 2025-26 లెక్కన ఫీజే 248 డాలర్లు, అది అందులోంచి తీయొచ్చు. ఏదో ఒక రకం ప్రశ్న దగ్గరే పదేపదే ఆగిపోతుంటే, దాని కోసమే కొన్ని గంటలు ట్యూటర్‌ని పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం పొద్దున ఉచిత పేపర్ ఒకటి, సెక్షన్‌కి 35 నిమిషాల చొప్పున గడియారం పెట్టుకుని రాయమనండి. ఆ తర్వాత రెండు నెలలు నోట్‌బుక్‌తో చదివి, మళ్లీ ఒకటి రాయనివ్వండి. రెండు స్కోర్లూ నాకు పంపండి. కోర్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.