జీవో తెస్తాం, చట్టం చేస్తాం అంటే మన స్థలం ఇచ్చేయాలా?

ప్రశ్న: మా అమ్మ పేరు మీదున్న స్థలంలో 60 గజాలు రోడ్డు వెడల్పుకి పోతుందని మునిసిపాలిటీ వాళ్ళు గోడ మీద మార్కింగ్ వేసి పోయారు. నోటీసు లేదు, పరిహారం ఊసే లేదు. అడిగితే మా వార్డు నాయకుడు "ప్రభుత్వం మాది, జీవో తెస్తాం, కాదంటే చట్టమే చేస్తాం" అంటున్నాడు. అలా చేయొచ్చా సార్?

జవాబు: కుదరదండి. ఆస్తి హక్కుని 1978లో రాజ్యాంగ 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన మాట నిజమే, అది విని చాలామంది ఇంక మనకి దిక్కు లేదనుకుని ఊరుకుంటారు, కానీ అదే సవరణతో 300ఏ అధికరణం కూడా పెట్టారు, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదని. చట్టం అంటే శాసనం అండి, దాని అండ లేని వట్టి జీవో చాలదు, నోటిమాట అసలే చాలదు.

హిమాచల్ ప్రదేశ్‌లో చదువురాని ఒక పెద్దావిడ భూమిని 1967-68లో రోడ్డుకోసం పైసా ఇవ్వకుండా తీసేసుకున్నారు, ఆవిడ కోర్టుకెళ్తే ఇన్నేళ్ళుగా మా స్వాధీనంలోనే ఉంది కాబట్టి ఇక మాదే అని ప్రభుత్వం వాదించింది చూడండి, ఎంత దారుణం! సుప్రీంకోర్టు 2020లో ఆ వాదన కొట్టేసి పరిహారం ఇప్పించింది.

ఇక చట్టమే చేస్తాం అంటే, చేసినా అది రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అని కోర్టు చూస్తుంది. చట్టం సంగతి అటుంచండి, పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించినా దాని మౌలిక స్వరూపాన్ని, అంటే దానికి ప్రాణమైన మూల సూత్రాల్ని, దెబ్బతీయకూడదని 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జిల బెంచి 7-6 తేడాతో తేల్చింది, ఆ కేసు కూడా కేరళలో ఒక మఠం భూముల గొడవతో మొదలైందే.

మీరు చేయాల్సింది, ఏ చట్టం కింద తీసుకుంటున్నారో, పరిహారం ఎంతో రాసివ్వమని కమిషనర్‌కి అర్జీ పెట్టి రశీదు తీసుకోండి. గోడ ఫొటోలు తీసి, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం), ప్లాన్ అప్రూవల్ దగ్గర పెట్టుకోండి. డబ్బుకి బదులు టీడీఆర్ బాండు (అదనంగా కట్టుకోడానికో, ఆ హక్కుని అమ్ముకోడానికో ఇచ్చే పత్రం) ఇస్తామని కాగితం తెస్తే చదవకుండా అమ్మగారితో సంతకం పెట్టించకండి, అలా పెట్టేసి తర్వాత నా దగ్గరికొచ్చి బాధపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. జవాబు రాకపోతే, లేదా కూల్చడానికి వస్తున్నారని తెలిస్తే, 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ వేసి స్టే అడగండి, జేసీబీ గుమ్మంలోకి వచ్చేదాకా ఆగొద్దు. ఫీజు గురించి భయం వద్దు, స్థలం అమ్మగారి పేరు మీదుంది కదా, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి.