ఎండిపోతున్న ఆవు: జాతి మార్చే ముందు పేడ పరీక్ష

ప్రశ్న: నాకు మూడు హెచ్.ఎఫ్. సంకర ఆవులు, రెండు ముర్రా బర్రెలు ఉన్నాయి. మూడో ఈతలో ఉన్న ఆవు రెండు నెలలుగా పలచగా పారుతోంది. మేత బాగానే తింటోంది. జ్వరం లేదు, దగ్గు లేదు, అయినా బొక్కలు తేలినయ్. పూటకు ఆరు లీటర్ల పాలు రెండుకు పడ్డాయి. మందుల షాపాయన క్షయ అని చెప్పి ఐదు రోజులు స్ట్రెప్టో-పెనిసిలిన్ సూదులు వేశాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. నాటు రక్తానికి క్షయ రాదు, వీటిని అమ్మి సాహివాల్ కొనమంటున్నాడు. క్షయ తట్టుకునే కోడె వీర్యం కూడా తెప్పిస్తాడట. నమ్మవచ్చా?
– పాడి రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా

జవాబు: మీ ఆవుకు క్షయ అని షాపాయన ఏ పరీక్ష చేసి తేల్చాడు? మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి అనుమానం జోనీస్ వ్యాధి. ఆకలి చెడకుండా, జ్వరం లేకుండా నెలల తరబడి పారుతూ ఎండిపోవడం దాని తీరు. క్షయ సూక్ష్మజీవికి ఇది దాయాది, పేగుల్లో తిష్ట వేస్తుంది. దూడప్పుడు సోకి, సాధారణంగా రెండు నుంచి ఆరేళ్ల వయసులో బయటపడుతుంది. రెండో అనుమానం కార్జపు జలగలు, ముఖ్యంగా చెరువు కింద మేపుతుంటే. దవడ కింద నీరు రెండింటిలోనూ దిగుతుంది కాబట్టి దాన్ని చూసి తేల్చకండి.

పేడను నేల మీది నుంచి కాకుండా నేరుగా తీయించి పశువైద్యశాలకు గానీ మామునూరు పశువైద్య కళాశాలకు గానీ పట్టుకెళ్లండి. జలగ గుడ్లూ చూడమనండి, యాసిడ్ ఫాస్ట్ రంగు వేసి జోనీస్ క్రిములూ చూడమనండి. క్రిములు రోజూ పేడలో పడవు. ఒకసారి కనబడకపోతే లేనట్టు కాదు, రక్తానికి ఎలీసా అనే పరీక్ష కూడా చేయించండి. జలగలే అయితే ఆక్సిక్లోజనైడ్ కిలో బరువుకు 10–15 మి.గ్రా. చొప్పున నోటి ద్వారా. బరువు టేపుతో కొలిచి వేయాలి, కంటి అంచనాతో కాదు. జోనీస్ అయితే నయం చేసే మందు లేదు, సూదుల మీద ఇంక ఒక్క రూపాయి పెట్టకండి.

క్షయ సంగతి కూడా తేల్చుకోండి. మెడ చర్మంలో 0.1 మి.లీ. ట్యూబర్క్యులిన్ (క్షయ క్రిమి నుంచి తీసిన పరీక్ష ద్రవం) వేసి సరిగ్గా 72 గంటలకు మందం కొలుస్తారు. ఒక్క బొవైన్ (ఆవుల క్షయ) ట్యూబర్క్యులిన్‌తో వాపు 4 మి.మీ. లేదా అంతకు మించితే సోకినట్టే లెక్క. కానీ జోనీస్ ఉన్న పశువు కూడా దీనికి ఉబ్బుతుంది. అందుకే ఏవియన్ (పక్షుల క్షయ), బొవైన్ రెండూ పక్కపక్కన వేయమని అడగండి. ఏవియన్ కన్నా బొవైన్ వాపు 4 మి.మీ. పైగా ఎక్కువుంటేనే క్షయ. అనుమానంగా తేలితే 42 రోజులు ఆగి మళ్లీ చేయాలి. ఈనిన కొత్తలో చేస్తే తప్పుగా లేదని రావచ్చు.

ఇక జాతి మాట. షాపాయన చెప్పిందాంట్లో పావు వంతు నిజముంది. ఇథియోపియాలో మూపురం ఉన్న జెబు ఆవులకన్నా హెచ్.ఎఫ్. అనే హోల్‌స్టీన్‌లలో క్షయ ఎక్కువగా, తీవ్రంగా కనిపించింది, సంకర జాతి ఇంచుమించు జెబుల దగ్గరే ఉంది. అంటే నాటు ఆవుకు తక్కువ వస్తుందనే గానీ రాదని కాదు. పైగా కొట్టంలో ఇరుకుగా కట్టేసి మేపితే ఏ జాతికైనా ముప్పు పెరుగుతుంది. బ్రిటన్, ఐర్లాండ్ హోల్‌స్టీన్ ఆవుల లెక్కల్లో క్షయ తట్టుకోవడంలోని తేడాల్లో జన్యువుల వాటా నూటికి ఇంచుమించు 15 పాళ్లే. మిగతాది సోకే అవకాశం, మేత, కొట్టం. 2016 నుంచి బ్రిటన్‌లో కోడెలకు క్షయ సూచిక ఇస్తున్నారు. మందలో క్షయ వచ్చినప్పుడు ఒక్కో పాయింటుకు వ్యాధి సోకే కూతుళ్లు నూటికి ఒకటి తగ్గుతాయని అంచనా. అదీ వాళ్లు ప్రతి మందకూ చర్మ పరీక్షలు చేసి, ఫలితాలను తండ్రి కోడెతో ముడిపెట్టి రాసుకున్నందుకు సాధ్యమైంది. పరీక్షే లేని మన దగ్గర ఏ కోడె కూతుళ్లు తట్టుకున్నాయో ఎవరు లెక్కపెట్టారు? ఆ వీర్యం డోసుకు మీరు కట్టే అదనపు డబ్బు షాపుకే లాభం. క్షయ తట్టుకునే పశువు జోనీస్‌నీ, ఈసుకుపోవు రోగాన్నీ (బ్రూసెల్లోసిస్) తట్టుకుంటుందన్న హామీ కూడా లేదు.

ఆ సూదుల గురించి చెప్పకుండా ఉండలేను. స్ట్రెప్టోమైసిన్ మనుషుల క్షయకు వాడే మందు. ఐదు రోజులు వేసి ఆపితే పశువులో క్షయ పోదు, మందుకు లొంగని క్రిములు మిగులుతాయి. ఆ ఆవు పాలు తాగేది మీ పిల్లలే. సూదులు వేసిన రోజుల్లో పాలు కేంద్రానికి పోశారా? చీటీ లేకుండా ఎవరు యాంటీబయాటిక్ ఇచ్చినా తీసుకోకండి.

ఫలితం వచ్చేదాకా ఆ ఆవును విడిగా కట్టండి, దాని తొట్టి వేరు, మనిషి వేరు. దాని పేడ పచ్చిగడ్డి మడికి వద్దు, పత్తి చేనుకు వేయండి. పేడలో జోనీస్ క్రిమి ఏడాది దాకా బతకగలదు. దాని దూడను ఈనిన వెంటనే వేరు చేసి, పరీక్షలో లేదని తేలిన ఆవు జున్నుపాలు మొదటి రెండు గంటల్లోనే పట్టండి, మొదటి రోజు మొత్తం దూడ బరువులో పదో వంతు. పాలు పొంగేదాకా కాచి తాగండి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గుంటే కఫం పరీక్ష చేయించండి. పెయ్య దూడలకు 4–8 నెలల మధ్య ఒకేసారి ఈసుకుపోవు రోగం టీకా వేయించారా? లేకపోతే 1962కు ఫోన్ చేసి కనుక్కోండి.

ఈ ఆవును మాత్రం రోగం దాచి అంగడికి తోలకండి. సాహివాల్ కొనాలనుకుంటే బయానా ఇవ్వకముందే చర్మ పరీక్ష, రక్త పరీక్ష చేయించండి, తెచ్చాక 30 రోజులు వేరే కట్టండి. అమ్మేవాడు పరీక్షకు ఒప్పుకోకపోతే ఇంకో ఆవును చూసుకోండి.