బి.డి.లో చేరతానన్న మేనల్లుడికి

చిన్నోడా,

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, పాస్టరు అయ్యే చదువు బి.డి.లో చేరతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నేను ఏడవలేదు. ఫోన్ పెట్టేశాక మీ మామయ్య ఫొటో ముందు నిలబడి "చూశారా, మనవాడే" అన్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. బెంగాల్లోని సెరంపూర్ కాలేజీ సెనేట్ కింద ఉన్న కాలేజీలోనే చేరు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిస్తున్నారు వాళ్లు. పాస్టర్లకు జీతమిచ్చే మన డయాసిస్ అడిగేదీ ఆ కాగితమే. ఫంక్షన్ హాల్లో గౌను తొడిగి ఇచ్చే డాక్టరేట్ల జోలికి పోకు. నీకు డిగ్రీ ఉంది కాబట్టి నాలుగేళ్లు. ఫీజు, మెస్సే ఖర్చనుకోకు, ఆ నాలుగేళ్లు రాని జీతమూ ఖర్చే. కారు లోను ముందు తీర్చెయ్.

ఇక మా తప్పు. మీ నాన్నకు కూడా సగమే తెలుసు.

పాస్టరుగా అభిషేకమైన తొమ్మిదేళ్లకు మీ మామయ్య బెంగుళూరు వెళ్లి, బి.డి. మీద పై చదువు ఎం.టి.హెచ్. చేస్తానన్నారు. బైబిల్లో పాత నిబంధనంటే ఆయనకు ప్రాణం. పిల్లల పలక మీద హెబ్రీ అక్షరాలు దిద్దుకునేవారు. డయాసిస్ స్పాన్సర్ చెయ్యనంది, జీతం లేని సెలవిచ్చింది. మా నాన్న నాకు రాసిచ్చిన ముప్పావు ఎకరం అమ్మేశాం. ఆయన అడగలేదు, నేనే అమ్ముదామన్నాను. చదువు పెరిగితే జీతం పెరుగుతుందని నా లెక్క. టీచర్లకు అలాగే కదా! ఆఫీసుకెళ్లి ఒక్క మాట అడిగుంటే గుమాస్తానే చెప్పేవాడు, మా దగ్గర జీతం సర్వీసును బట్టేగానీ చదువును బట్టి కాదని. అడగలేదు.

రెండేళ్లకు తిరిగొచ్చారు. థియలాజికల్ కాలేజీలో పాఠాలు చెబుతారని ఆశపడ్డాం. ఖాళీ లేదన్నారు. పదకొండు ఊళ్ల చర్చిలున్న పాస్టరేటుకు పంపారు. మొదటి నెల కవరు నేనే విప్పి రెండుసార్లు లెక్కపెట్టాను. వెళ్లకముందు ఎంతో అంతే. ఆయన వాకిట్లో సైకిల్ చైనుకు నూనె పెట్టుకుంటున్నారు, ఎంతుందని కూడా అడగలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చేతిలో గిన్నె విసిరాను. ఆ ఏడాది చర్చి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి వాళ్లు ఇంటింటా గుప్పెడేసి తీసిపెట్టి తెచ్చిన బియ్యంతోనే గడిచింది. ఒకామె, నేను సిగ్గుపడతానని, ఆ బియ్యంలో గుడ్లు దాచి తెచ్చేది.

చదువు వృథా అయిందనను. ఆయన యోబు గ్రంథం చెబుతుంటే పగలంతా నాట్లేసి వచ్చినవాళ్లు కూడా కునుకు తీయకుండా వినేవారు. మేం మాత్రం జీతం కోసమని పొలం అమ్మాం. రిటైరయ్యి బంగళా ఖాళీ చేసిన రోజు, సామాను లారీ ఎక్కిస్తుంటే, నాకా ముప్పావు ఎకరమే కళ్లలో మెదిలింది. ముప్పై ఏళ్లు ఉన్న ఏ ఇల్లూ మాది కాదు. అందుకే, నువ్వు కొనుక్కున్న ఆ ఇంటి స్థలం ఫీజుల కోసం అమ్మావంటే నీతో మాట్లాడను.

బిషప్‌గారిని కలిసినప్పుడు నోరు తెరిచి అడుగు. చదువులో ఎంత భరిస్తారు, తర్వాత ఎన్నేళ్లు పనిచెయ్యాలి, మొదటి జీతమెంత, పి.ఎఫ్. ఉందా. కాగితం మీద రాయించుకో. పరిచర్యకెళ్తూ జీతం అడగడమేంటని సిగ్గుపడకు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అన్నది ప్రభువే. సువార్త చెప్పిన పౌలంతటివాడు కొరింథులో డేరాలు కుట్టుకుని బతికాడు. నీ కోడింగ్ పూర్తిగా మర్చిపోకు.

పెళ్లిచూపులకెళ్తే ఆ అమ్మాయికి ఈ అంకెలన్నీ చెప్పు. నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆయన్నే చేసుకునేదాన్ననుకో, అది వేరే సంగతి.

మామయ్య హెబ్రీ నిఘంటువు నా దగ్గరుంది. చివర కొన్ని పేజీలు చెదలు తిన్నాయి, మిగతాది బాగానే ఉంది. కొత్తది కొనకు, వచ్చి పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు లోను కాగితాలు తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ అత్త