మారుమూల పల్లెల పిల్లల కోసం ఇచ్చే విరాళం దేనికి వెళ్తే మేలు?

బడి భవనం కట్టించడం మంచిదా, ఇంకేదైనానా అని అడిగారు. నా లెక్కలో భవనం చివర్లో వస్తుంది. కట్టడానికి దాతలు దొరుకుతారు (శిలాఫలకం మీద పేరుంటుంది కదా!), ఏటేటా జీతాలకూ మరమ్మతులకూ దొరకరు.

కంటికి కనపడని ఖర్చులే ఎక్కువ పని చేస్తాయి. నులిపురుగుల బెడద ఉన్నచోట పిల్లలకు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆల్బెండజోల్ మాత్ర ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడి వయసు పిల్లలకు 400 మిల్లీగ్రాములు. మాత్ర చాలా చవక, రోడ్డు లేని ఊరిదాకా దాన్ని చేర్చడమే కష్టం. విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు ఇచ్చే జింకు సంగతీ అంతే. అందుకే ఊళ్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ, జీతం, మందుల స్టాకు సమకూర్చే సంస్థను వెతకండి. పోషణకైతే గర్భం మొదలు రెండేళ్లు నిండేదాకా, అంటే దాదాపు 1000 రోజులు కీలకం. బడి వయసులో మొదలుపెడితే ఆలస్యమే.

ఒకేసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా కొంత ఇవ్వండి. ఫలానా పనికే వాడాలని షరతు పెట్టకపోతే వాళ్లకు జీతాల టెన్షన్ తగ్గుతుంది.