ఇల్లు అమ్మే ముందు రంగులు వేయించాలా? చెన్నైలో అయితే ముందు వాన పడనివ్వండి

చెన్నైలో సొంతిల్లు అమ్మకానికి పెడుతున్నాం, కొనేవాళ్లకు నచ్చాలంటే ముందుగా ఏమేం చేయించాలి, రంగులకు రెండు లక్షలు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టకండి. ఇంకా చెప్పాలంటే తమిళుల ఐప్పసి, కార్తిక నెలల దాకా, అంటే అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా వచ్చే వానల రోజుల వరకు ఆగి, వాన కురుస్తుండగా ఇల్లు చూపించండి. నవ్వకండి, మడిపాక్కంలో మా మామగారు కట్టించిన ఇల్లు మేం అలాగే అమ్మాం.

మా ఇల్లు అమ్ముతున్నామని తెలిసి వచ్చిన బ్రోకరు కూడా మొదట రంగుల మాటే ఎత్తాడు. లోపలా బయటా ఒక కోటింగ్ కొట్టించమన్నాడు. హాల్లో బీరువా తీసేస్తే గది పెద్దదిగా కనిపిస్తుందన్నాడు. మావారు వెంటనే సరేనన్నారు. ఎవరేం చెప్పినా సరేననడం ఆయనకు అలవాటు, నేను చెబితే తప్ప. పైగా ఏదో యూట్యూబ్ వీడియో చూసి, మనుషులు వచ్చే టైముకి ఇంట్లో కాఫీ వాసన రావాలట అని నాకు చెప్పారు. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో తెల్లవారితే డికాక్షన్ వాసన కాక ఇంకేం వచ్చింది?

చెన్నైలో కొత్త రంగు చూస్తే కొనేవాళ్లకు ముచ్చట వేయదు, అనుమానం వేస్తుంది. 2015 డిసెంబరు 1న మొదలైన ఆ వాన తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. అడయారు నది పొంగింది. వేళచ్చేరి, ముడిచ్చూరు, మా మడిపాక్కం మునిగాయి. మళ్లీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను. ఇన్ని చూశాక ఈ ఊళ్లో ఎవరూ గోడ రంగు చూడరు, గోడ అడుగున చెమ్మ ఉందా అని చూస్తారు. మీరు సెప్టెంబరులో కొట్టించిన రంగు డిసెంబరుకల్లా అడుగునుంచి బొబ్బలెక్కి ఊడిపోతుంది. మా వీధిలో అందరూ అనుభవించిందే.

మా ఇల్లు చూడటానికి చాలామందే వచ్చారు. ఆదివారం సాయంత్రం పిల్లాజెల్లాతో దిగి, ఫోనులో దిక్సూచి పెట్టి గదిగదీ తిరిగి, దేవుడి గది ఈశాన్యంలో లేదే అని పెదవి విరిచి, కాఫీ తాగి పోయేవాళ్లు కొందరు. కొనే ఉద్దేశం లేనివాళ్లు గేటు తీసేటప్పుడే తెలిసిపోతారు. అయినా కాఫీ ఇవ్వక తప్పదు.

నవంబరులో ఒక శనివారం పొద్దుటి నుంచి ఎడతెరిపి లేని వాన. ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డులో ఉద్యోగం చేసుకుంటున్న నెల్లూరు కుర్రాడొకడు తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని రావాల్సి ఉంది. బ్రోకరు ఫోను చేసి, "వద్దు మేడమ్, వీధిలో నీళ్లు నిలిచాయి, ఎండ కాశాక చూపిద్దాం" అన్నాడు. ఇవాళే తీసుకురమ్మన్నాను. నీళ్లు నిలిచింది వీధిలో, మా ఇంట్లో కాదుగా. అది కళ్లారా చూపించే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది?

కుర్రాడు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. కోడలు హాల్లో లైట్లూ ఫ్యాన్లూ చూస్తోంది. పెద్దావిడ మాత్రం హాలు వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, నీళ్లు చేతిలో పట్టి నోట్లో పోసుకుంది.

"మెట్రో నీళ్లామ్మా, బోరా?"

"తాగడానికి మెట్రో, అదే కార్పొరేషన్ కుళాయి నీళ్లు, వాడకానికి బోరండీ. మే నెలలో బోరు నీళ్లు కాస్త పచ్చగా వస్తాయి" అన్నాను.

బ్రోకరు నావైపు ఉరిమి చూశాడు. ఆవిడ వెనక తలుపు తీసి, కొంగు నెత్తిన కప్పుకుని, వాననీళ్లు ఎటు పారుతున్నాయో కాసేపు చూసింది. లోపలికొచ్చి, బ్రోకరు తీసేయమన్న ఆ బీరువానే పక్కకు జరపమంది. వెనక గోడకు అరచెయ్యి ఆనించి, "నెమ్ము లేదురా" అని కొడుకుతో అంది.

ఆ తర్వాత అసలు ప్రశ్న. "ఆ పెద్ద వరదప్పుడు ఇంట్లోకి ఎంత వచ్చిందమ్మా?"

బ్రోకరు నోరు తెరిచేలోగా ఆవిణ్ణి మెట్ల కిందికి తీసుకుపోయాను. అక్కడ గోడమీద మోకాలికి కాస్త పైన మట్టి మరక ఉంటుంది. దానిమీద మా మామగారు పెన్సిలుతో గీత గీసి తేదీ వేశారు. ఆ గోడకు మేం మళ్లీ రంగు వేయించలేదు. 2023లో నీళ్లు వాకిట్లో రెండో మెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి, అదీ చూపించాను. రెండూ చూసి, "మధ్యలో ఏం చేయించారు?" అంది. అంతమంది వచ్చారా, ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే.

చేయించింది చెప్తాను, మీ రెండు లక్షలు ఇక్కడ పెట్టండి. ముందు వసారా, మెట్లు ఎత్తు పెంచాం. మా వీధిలో తారు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేసుకుంటూ పోయారు. రోడ్డు పైకి, ఇళ్లు కిందికి అయిపోయాయి. పాత తారు గీకేసి వేయాలని ప్రభుత్వం చెబుతూనే ఉంటుంది, కాంట్రాక్టర్ల చెవికెక్కదు. పక్కింటివాళ్లయితే జాకీలు పెట్టి ఇంటికి ఇల్లే లేపించుకున్నారు, మాకంత స్తోమత లేదు. డ్రైనేజీ పైపుకు నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టించాం. వరదప్పుడు వీధి నీళ్లనైనా భరించవచ్చు గానీ, బాత్రూమ్‌లోంచి పైకి వచ్చేది భరించలేం. సంపు మూత రెండడుగులు పైకి కట్టించాం. మోటారు స్విచ్చు, కరెంటు మీటరు భుజం ఎత్తుకు మార్పించాం. వాననీటి ఇంకుడు గుంట తమిళనాడులో 2003లోనే తప్పనిసరి చేశారు కాబట్టి అందరిళ్లలోనూ ఉంటుంది, కాకపోతే సగం ఇళ్లలో మట్టితో పూడిపోయి ఉంటుంది. మాది పూడిక తీయించి, కొత్త కంకర పోయించి, మూత తీసి మరీ చూపించాను. వీటిలో ఒక్కటీ ఫోటోలో అందంగా కనపడదు, అందుకే బ్రోకర్లు వీటి ఊసెత్తరు.

కారే కుళాయిలు, పడని గొళ్లాలు బాగుచేయించమని వేరే చెప్పాలా.

కాగితాలు మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. మా పట్టా మామగారి పేరు మీదే ఉండిపోయింది. వారసుల సర్టిఫికెట్టు పెట్టి పేరు మార్పించడానికి పడ్డ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నీరసమొస్తుంది. మనకేమో పేరుకు ముందు ఇంటిపేరు, ఇక్కడేమో తండ్రి పేరులో మొదటి అక్షరం. ఆధార్‌లో ఒకలా, పాత దస్తావేజులో ఇంకోలా ఉందని కొర్రీ వేశారు. ఇంటిపేరంటే ఏమిటో ఆ ఆఫీసులో మావారు అరవంలో ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చింది. మూల దస్తావేజులు, ఈసీ (ఇంటిమీద తాకట్టులూ లావాదేవీలూ ఏమున్నాయో చూపే సర్టిఫికెట్టు), పట్టా, ఇంటిపన్ను, నీటిపన్ను రసీదులు ఒక ఫైలులో పెట్టి, అడక్కముందే జిరాక్సు సెట్టు చేతిలో పెట్టండి. ఇంకోటి, ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్, అంటే ఆదాయపన్ను కింద ముందే పట్టుకుని మీ పాన్ మీద కడతారు. 2013 నుంచి ఉన్న నిబంధనే. మావారు రిజిస్ట్రేషన్ ముందురోజు ఆ మాట విని, డబ్బు తగ్గించి ఇస్తున్నారని టెన్షన్‌తో నిద్రపోలేదు.

నెలల సంగతి ఎందుకన్నానంటే, మన ఆషాఢంలాగే ఇక్కడ ఆడి మాసంలో ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. మార్గళి (మన ధనుర్మాసం) వస్తే పొంగల్ దాకా ఆగుదామంటారు. వాళ్లు ధైర్యంగా టోకెన్ ఇచ్చే ఐప్పసి, కార్తిక నెలలూ వానలూ ఒకేసారి వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏడాది వానలో సగానికి పైగా పడే ఊరిది. ఎండలో చూపిస్తే ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది, అది వాళ్లకూ తెలుసు.

మా ఇల్లు ఆ నెల్లూరువాళ్లే కొన్నారు. అడిగినదానికన్నా తగ్గించే కొన్నారు, లేదనను. గీత చూపించబట్టే తగ్గిందని బ్రోకరు ఇప్పటికీ అంటాడు. ఆవిడ బేరం చూశాక నేనైతే నమ్మను, గీత లేకపోయినా తగ్గించేదే. పెరట్లో రుబ్బురోలు కూడా వదిలేసి పొమ్మంది.

మీది ఫ్లాటయితే ఇందులో చాలావరకు వర్తించదు. యూడీఎస్, అంటే ఉమ్మడి స్థలంలో మీ వాటా, ఎంత రాశారో దస్తావేజులో చూసుకోండి, అసోసియేషన్‌కు బాకీ లేదని కాగితం తీసుకోండి, కావాలంటే రంగులూ వేయించుకోండి. ఆఖరి అంతస్తయితే మాత్రం ముందు టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్న గొడవ అసోసియేషన్‌తో ఇప్పుడే మొదలుపెడితే వానల నాటికి తేలుతుందేమో.